హామండ్ కాదన్న పెట్టె

1937. లాస్ ఏంజెలెస్‌లో బార్కర్ బ్రదర్స్ అనే పెద్ద ఫర్నిచర్ దుకాణం. సోఫాలు, మంచాలు, తివాచీలు అమ్మే ఆ దుకాణంలోనే హామండ్ కంపెనీ చేసే కరెంటు ఆర్గన్లు కూడా అమ్మేవారు. విశాలమైన హాలు. ఎవరైనా వచ్చి మెట్ల మీద చెయ్యి వేస్తే స్వరం లేచి, గోడల దాకా వెళ్ళి, తిరిగి వచ్చి మళ్ళీ చెవిని చేరేది. వేలు తీశాక కూడా కాసేపు గాల్లో నిలిచేది. చర్చిలో నిలబడి వింటున్నామన్న భ్రమ కలిగేది.

అదే దుకాణంలో రేడియోలు బాగుచేసే డాన్ లెస్లీకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. మూకీ సినిమాల కాలంలో థియేటర్లలో మోగిన పైపు ఆర్గన్లంటే అతనికి ప్రాణం. నిజం పైపు ఆర్గన్ ఇంట్లో పెట్టుకోవాలంటే ముందు దానికో భవనం కట్టాలి. హామండ్ అయితే హాల్లో ఓ మూల పడుతుంది. కొన్నాడు. కంపెనీ అమ్మే స్పీకరు పెట్టె మాత్రం తీసుకోలేదంటారు. రేడియో పని తెలిసినవాడు స్పీకరుకి అంత ధర ఎందుకు పెడతాడు? తనే ఒకటి చేసుకోవచ్చు అనుకున్నాడు.

ఇంటికి తెచ్చాడు. స్పీకరు కలిపాడు. నొక్కాడు.

షాపు లైట్ల కింద మెరిసిన చీరని ఇంటికొచ్చి పగటి వెలుగులో విప్పినప్పుడు ఇల్లాలి ముఖం ఎలా ఉంటుందో, ఆ క్షణాన లెస్లీ ముఖం అలాగే ఉండి ఉంటుంది. స్వరం వచ్చింది, తప్పు లేకుండా వచ్చింది, కానీ కదలకుండా నిలబడిపోయింది. నొక్కినంతసేపూ ఒకే మందంలో, ఒకే చోటి నుంచి, ఒక గీత గీసినట్టు. వేలు తీయగానే తెగిపోయింది. తను కొన్నది ఆర్గన్‌ని. దుకాణంలో తన మనసు దోచింది మాత్రం ఆ హాలు. హాలుని ఎవరూ ప్యాక్ చేసి ఇవ్వరు.

ఈ గొడవ లెస్లీ ఒక్కడిది కాదు. కీబోర్డు కొనే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని పడతాడు. వీణకి కుండ ఉంది, మృదంగానికి చర్మం ఉంది, హార్మోనియానికి తిత్తి ఉంది. కరెంటు మీద నడిచే మెట్ల వాయిద్యానికి సొంత గొంతు లేదు. స్పీకరే దాని గొంతు. లెస్లీ అప్పుడు చేసిన పనికి ఎనభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ మన కళ్యాణ మండపాల్లో కీబోర్డు వాయించే కుర్రాళ్ళు ఆర్గన్ టోన్ పెట్టి ఒక బటన్ నొక్కి స్వరాన్ని గిర్రున తిప్పుతుంటారు. ఆ బటన్ వెనక ఉన్న కథ ఇది.

* * *

అటువైపు మనిషి గురించి కూడా చెప్పాలి. లారెన్స్ హామండ్. 1895లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో పుట్టాడు. సంగీతం తెలిసినవాడు కాదు, ఇంజినీరు. కరెంటు గడియారాలు చేసి అమ్మేవాడు. గడియారం తప్పు నడవకూడదు కాబట్టి, కరెంటు ఎంత లయతో వస్తే అదే లయతో తిరిగే మోటారు ఒకటి ఆయన చేతిలో ఉంది. గడియారాల వ్యాపారం పడిపోయిన మాంద్యపు రోజుల్లో పేకముక్కలు కలిపి పంచే కరెంటు బల్ల కూడా తయారుచేసి అమ్మాడు. ఆ తర్వాత అదే మోటారుకి అంచుల్లో గాట్లు పెట్టిన ఉక్కు చక్రాలు తగిలించాడు. ఒక్కో చక్రం అయస్కాంతం ముందు తిరుగుతుంటే ఒక్కో స్వరం పుడుతుంది. తర్వాత ప్రసిద్ధికెక్కిన బి-3 మోడల్లో ఇలాంటి చక్రాలు 91. 1934లో పేటెంటు వచ్చింది, 1935లో ఆర్గన్ బజారుకెక్కింది. తొలి కొనుగోలుదార్లలో సంగీతకర్త జార్జ్ గెర్ష్‌విన్ ఒకరు.

గడియారంలో ఉన్న గుణమే ఈ ఆర్గన్‌కీ వచ్చింది. శ్రుతి కదలదు. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మన దేశంలో 50 సార్లు. అక్కడి ఆర్గన్‌ని మార్పుల్లేకుండా ఇక్కడ ప్లగ్గులో పెడితే పాట మొత్తం మూడు మెట్లు కిందికి దిగిపోతుంది. జనరేటరు మీద నడిచే మన ఊరి పందిట్లో పెడితే శ్రుతి పెట్టేది ఆర్గన్ వాయించేవాడు కాదు, డీజిల్ పోసేవాడు!

హామండ్ కంపెనీ ప్రకటనలు ఆకాశంలో ఉండేవి. పైపు ఆర్గన్‌కి సాటి అని చాటుకున్నారు. పైపు ఆర్గన్లు చేసేవాళ్ళకి ఒళ్ళు మండింది. వ్యవహారం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్ళింది. అప్పుడు జరిగింది ఒక విచిత్రమైన పరీక్ష. షికాగో విశ్వవిద్యాలయంలోని రాక్‌ఫెల్లర్ చాపెల్‌లో 75,000 డాలర్ల స్కిన్నర్ పైపు ఆర్గన్ ఉంది. దానికి పోటీగా 2,600 డాలర్ల హామండ్‌ని పెట్టారు. వాయించేది ఏదో కనపడకుండా చేసి, సంగీత నిపుణుల్నీ విద్యార్థుల్నీ కూర్చోబెట్టి, ఇప్పుడు మోగింది ఏదో చెప్పమన్నారు. విద్యార్థులు దాదాపు సగం సార్లు పొరబడ్డారు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. నిపుణులు కూడా మూడింట ఒక వంతు తప్పారు.

హామండ్ మనుషులు ఎగిరి గంతేసి ఉండాలి. నిజానికి 1938లో వచ్చిన ఉత్తర్వు మాత్రం పైపు ఆర్గన్‌కి సమానం అనే ప్రచారాన్ని ఆపమంది. నాకు ఈ పరీక్షలో కనపడేది వేరే సంగతి. ఆ చాపెల్ రాతి కట్టడం. ఎత్తైన కప్పు. అందులో ఏ స్వరం వేసినా సాగి, గుండ్రబడి, నిండుగా తిరిగొస్తుంది. షికాగోలో రాతిగోడలు హామండ్‌ని గట్టెక్కిస్తున్న 1937లోనే, లాస్ ఏంజెలెస్‌లో మామూలు ఇంటి గోడల మధ్య డాన్ లెస్లీ అదే ఆర్గన్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

* * *

లెస్లీకి లోపం ఎక్కడుందో చెవికి తెలిసింది. పైపు ఆర్గన్‌లో ఒక్కో స్వరం ఒక్కో గొట్టం నుంచి, ఒక్కో చోటి నుంచి వస్తుంది. ఒకటి ఎడమ నుంచి, ఒకటి పైనుంచి, ఇంకొకటి వెనక నుంచి. రాగం నడుస్తుంటే ధ్వని గదంతా తిరుగుతుంటుంది. హామండ్‌లో అన్నీ ఒకే స్పీకరు నోట్లోంచి వస్తాయి. ధ్వని కదలకపోతే మనమే కదిలిద్దాం అనుకున్నాడు.

ఇక మొదలైంది ప్రయోగాల రంగం. మొదట ఒక డ్రమ్ములో చుట్టూ అనేక స్పీకర్లు బిగించి డ్రమ్మునే తిప్పాడు. పైపుల గుంపుకి నకలు అన్నమాట. వరసగా చేసి చూడగా తేలింది ఏమిటంటే, అన్ని స్పీకర్లు అక్కర్లేదు. తిరిగేది ఒక్కటి చాలు. దాని నోరు వినేవాడి వైపు వస్తుంటే శ్రుతి పిసరంత పెరుగుతుంది, అవతలికి పోతుంటే పిసరంత తగ్గుతుంది. స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూతలో మనం వినే తేడా అదే, డాప్లర్ ప్రభావం. దాంతోపాటే ధ్వని పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. గది గోడల్ని ఒక్కో క్షణం ఒక్కోచోట తాకి వస్తుంది. మూడూ కలిసేసరికి గీతలా నిలబడ్డ స్వరం ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

ఆ పెట్టె కాలక్రమంలో స్థిరపడ్డ రూపం చెబుతాను, ఎందుకంటే దాని పనితనం ముచ్చటైనది. నడుమెత్తుకి మించిన చెక్క అల్మరా. పైనా కిందా గాలిచీలికలు. లోపల ధ్వనిని 800 హెర్ట్జ్ దగ్గర రెండుగా చీలుస్తారు. పై స్వరాలు ఒక హారన్‌కి వెళ్తాయి. ఆ హారన్‌కి రెండు నోళ్ళు కనపడతాయి గానీ ధ్వని వచ్చేది ఒక్క నోట్లోంచే. రెండోది తిరిగేటప్పుడు బరువు సరిపోవడానికి పెట్టిన ఉత్తుత్తి నోరు. కింది స్వరాలకి 15 అంగుళాల స్పీకరు. అది తిరగదు, నేలవైపు చూస్తూ ఉంటుంది. దాని కింద లోపల తొలిచిన డ్రమ్ము తిరుగుతూ ధ్వనిని చుట్టూ విసురుతుంది. హారన్ ఒకవైపు, డ్రమ్ము దానికి ఎదురువైపు.

వేగాలు రెండు. నెమ్మదిగా తిరిగితే కోరల్, నిమిషానికి యాభైకి కాస్త అటూ ఇటూ చుట్లు. వేగంగా తిరిగితే ట్రెమొలో, హారన్ సుమారు నాలుగొందల చుట్లు. అసలు మజా ఈ రెంటి మధ్యలో ఉంది. స్విచ్ వేయగానే హారన్ తేలిక కాబట్టి చకచకా అందుకుంటుంది. డ్రమ్ము బరువు, అది కొన్ని సెకన్లు ఆలస్యంగా కూడుకుంటుంది. పై స్వరాలు అప్పటికే గిరగిరా తిరుగుతుంటే కింది స్వరాలు ఇంకా బద్ధకంగా లేస్తుంటాయి. ఆర్గన్ ముందు అంచున అర్ధచంద్రాకారంలో ఒక స్విచ్ ఉంటుంది. తలపండిన వాద్యకారులు ఎడమచేత్తో ఆ స్విచ్‌ని వాయిస్తారు. అవును, వాయిస్తారనే అంటాను. పాట ఊపందుకోవాల్సిన చోటికి రెండు మాత్రల ముందే స్విచ్ వేస్తే, సమానికి వచ్చేసరికి డ్రమ్ము వేగం అందుకుంటుంది. ఆ లెక్క చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి గుర్తొస్తుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గెంటేసింది. మెట్టు నొక్కితే స్వరం కదలదు, గమకం పలకదు అన్నది పెద్దల ఫిర్యాదు. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. లెస్లీ తిరిగే పెట్టె గమకం పలికించదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ మెట్ల వాయిద్యంలో స్వరం బిగుసుకుపోతుందన్న బాధ ఆ పెద్దలదీ ఇతనిదీ ఒకటే. వాళ్ళు వాయిద్యాన్ని బయటపెట్టారు. ఇతను దాని నోటిని తిప్పాడు.

* * *

పని పూర్తయింది. అదే 1940 నాటికి లెస్లీ తన పెట్టెని హామండ్ కంపెనీకి చూపించాడు. అతని ఆశ న్యాయమైనదే. మీ ఆర్గన్ మంచిది, దాని గొంతు నేను బాగుచేశాను, మీరే తయారుచేసి అమ్ముకోండి.

లారెన్స్ హామండ్ కాదన్నాడు.

ఎందుకు కాదన్నాడో ఊహించడం కష్టం కాదు. చక్రాల లెక్కలు వేసి, శ్రుతి వెంట్రుకవాసి కదలకుండా కట్టిన మనిషి. ఆ స్వరాన్ని వంకర తిప్పే యంత్రం తెచ్చి, ఇప్పుడు బాగుంది చూడండి అంటే గడియారం చేసినవాడికి ఎలా ఉంటుంది? తన రూపకల్పనని ఇంకొకడు సరిదిద్దడం ఆయనకి మింగుడుపడలేదు.

లెస్లీ 1941లో ఎలక్ట్రో మ్యూజిక్ పేరిట సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఊరు పసడీనా. పెట్టెకి మొదట వైబ్రాటోన్ అని పేరు. ఇంకా ఒకటి రెండు పేర్లు మారి చివరికి తన ఇంటిపేరే దానికి నిలిచింది. హామండ్ వైపు నుంచి యుద్ధం మొదలైంది. తమ ఆర్గన్లు అమ్మే డీలర్లు లెస్లీ పెట్టెని ముట్టుకోకూడదన్నారు. ఆర్గన్ వెనక తీగలు కలిపే ఏర్పాటుని మార్చి, ఈ పెట్టె తగిలించడం కష్టమయ్యేలా చూశారు. అటు మార్చిన ప్రతిసారీ ఇటు లెస్లీ దానికి సరిపడే కనెక్టర్ కిట్ తయారుచేశాడు. స్వరాన్ని ఊపే సొంత వైబ్రాటో యంత్రాన్ని కూడా హామండ్ ఇంజినీర్లు ఆర్గన్ లోపలే పెట్టారు. బాగానే ఉండేది. కానీ అది తీగల్లోనే తిరిగే ఊపు, గదిలో తిరిగేది కాదు.

ఎన్నేళ్ళు ఎంత గింజుకున్నా హామండ్ గెలవలేదు. లెస్లీ తరఫున పోట్లాడింది లాయర్లు కాదు, ప్రకటనలు అంతకంటే కాదు. ఒక చర్చిలో ఒకరు లెస్లీ పెట్టె తగిలించి వాయించేవారు. పక్క చర్చివాళ్ళు వచ్చి విని, మాదీ ఇదే ఆర్గన్ కదా, మాకెందుకిలా మోగడం లేదని అడిగేవారు. అంతే. ఆ అడగడమే వ్యాపారం.

పై నుంచి చూస్తే హామండ్ మొండితనం తెలివితక్కువగా కనిపిస్తుంది. కానీ ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? పెద్ద కంపెనీ దాన్ని ఖర్చు తగ్గించి, చక్కపరిచి, నలుగురికీ నచ్చేలా పదును తీసేసి అమ్మేదేమో. లెస్లీ కూడా తర్వాతి రోజుల్లో ఆ తిరస్కారం తనకి మేలే చేసిందని భావించాడు.

* * *

పెట్టె గొప్పదే. మోసేదెవరు?

1950ల మధ్యలో బి-3 వచ్చింది. బల్ల, కాలి మెట్లు అన్నీ కలిపితే 190 కిలోల చుట్టూ బరువు. పక్కన లెస్లీ పెట్టె మరో 65 కిలోలు. చర్చిలో అయితే ఒక్కసారి దించి వదిలేస్తారు. రాత్రికో ఊళ్ళో కచేరీ చేసేవాడి గతి ఏమిటి? అమెరికాలో ఆర్గన్, గిటార్, డ్రమ్ములు కలిసిన ముగ్గురి బృందాలు క్లబ్బుల్లో వాయించేవి. ఫిలడెల్ఫియాలో జిమ్మీ స్మిత్ అనే పియానో వాద్యకారుడు ఓ గోదాములో హామండ్ పెట్టుకుని నెలల తరబడి ఒంటరిగా సాధన చేశాడు. కాలి మెట్ల పటం గోడకి అంటించుకుని పాదాలకి పాఠం నేర్పాడు. 1956లో బ్లూ నోట్ కంపెనీ అతన్ని పట్టుకుంది. ఆ రోజుల్లో ఆర్గన్ వాద్యకారులు శవపేటికలు మోసే కార్లు సెకండ్ హ్యాండులో కొనుక్కునేవారు. వెనక తలుపు వెడల్పు, నేల చదును, పొడవాటి బరువు పెట్టెని తోసే ఏర్పాటు ముందే ఉంటుంది. ఊరూరా నల్ల శవవాహనం క్లబ్బు ముందు ఆగడం, అందులోంచి ఆర్గన్ దిగడం!

మెట్లెక్కించాల్సిన క్లబ్బు అయితే నలుగురు మనుషులు. అంత మోసి తెచ్చి తేలికైన మరో స్పీకరు పెట్టుకోవచ్చుగా? పెట్టుకోలేదు. ఆర్గన్‌నే నిలువునా కోసి రెండు ముక్కలు చేసుకున్నవాళ్ళు ఉన్నారు గానీ లెస్లీని ఇంటి దగ్గర వదిలేసి వచ్చినవాళ్ళు తక్కువ. హామండ్ కంపెనీకి వాళ్ళు చెప్పిన జవాబు నడుంనొప్పితో చెప్పిన జవాబు.

రాక్ సంగీతం వచ్చాక ఇంకో చిక్కు. పాత లెస్లీ పెట్టెలో యాంప్లిఫయర్ 40 వాట్లు. పక్కన గిటారిస్టు 100 వాట్ల మార్షల్ పెట్టెలు దొంతరగా నిలబెట్టుకుంటే ఆర్గన్ ఎవరికి వినిపిస్తుంది? డీప్ పర్పుల్ బృందంలో ఆర్గన్ వాయించిన జాన్ లార్డ్ తన హామండ్‌ని నేరుగా మార్షల్ గిటార్ యాంప్లిఫయర్‌లోకి పంపాడు. స్వరం చిరిగి, గరగరలాడి, గిటారుకి దీటుగా నిలబడింది. దాన్ని చూసి కీబోర్డుకి గిటార్ యాంప్ చాలనుకుంటే బోల్తా పడతారు. హామండ్ చక్రాల్లో అన్నిటికంటే పై స్వరం కూడా 6,000 హెర్ట్జ్‌కి లోపే. గిటార్ స్పీకరు కూడా దాదాపు అక్కడే చేతులెత్తేస్తుంది. అందుకే ఆ జోడీ కుదిరింది. పియానో, గంటలు, వయొలిన్ల గుంపు వంటి టోన్లలో ఆపైన ఎంతో ఉంటుంది. వాటిని గిటార్ యాంప్‌లో వేస్తే దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది.

పెట్టె ఆర్గన్‌ని దాటి కూడా వెళ్ళింది. 1966 ఏప్రిల్ 6. లండన్‌లో ఇ.ఎం.ఐ. స్టూడియో. బీటిల్స్ బృందం ‘టుమారో నెవర్ నోస్’ రికార్డింగ్. కొండ మీద నుంచి దలైలామా మంత్రం చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని జాన్ లెనన్ పట్టుబట్టాడు. తనని తాడుతో వేలాడదీసి మైకు చుట్టూ తిప్పితే ఎలా ఉంటుందని కూడా అడిగాడట. ఇరవై ఏళ్ళ ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ మనిషిని తిప్పే బదులు గొంతుని తిప్పాడు. లెనన్ గొంతుని లెస్లీ పెట్టెలోకి పంపి, దాని ముందు మైకు పెట్టాడు.

ఆపై వ్యాపార కథ పొట్టిది. 1965లో లెస్లీ తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకి అమ్మేశాడు. లారెన్స్ హామండ్ 1973లో చనిపోయాడు. 1980లో సి.బి.ఎస్. దగ్గర లెస్లీ వ్యాపారాన్ని కొన్నది ఎవరో కాదు, హామండ్ కంపెనీయే. నలభై ఏళ్ళ కిందట ఊరికే గడపలోకి వచ్చినదాన్ని డబ్బు పోసి తెచ్చుకున్నారు. డాన్ లెస్లీ 2004లో తొంభై మూడో ఏట పోయాడు. అన్నీ చూశాడు.

* * *

ఇప్పుడు ఆ 250 కిలోల సరంజామా పది కిలోల చుట్టూ బరువున్న కీబోర్డులోకి దిగింది. 2001లో వచ్చిన నార్డ్ ఎలక్ట్రో లాంటివి చక్రాల్నీ తిరిగే హారన్‌నీ అంకెలుగా మార్చి లోపల పెట్టాయి. మన ఆర్కెస్ట్రాల్లో కనపడే యమహా, కోర్గ్, రోలాండ్ కీబోర్డుల్లోనూ రోటరీ అనే ఎఫెక్టు ఉంటుంది. నెమ్మది, వేగం రెండూ ఉంటాయి. మంచి వాటిలో హారన్ ముందు అందుకోవడం, డ్రమ్ము వెనకబడటం కూడా ఉంటాయి.

అయితే ఆ ధ్వని చివరికి ఏ నోట్లోంచి రావాలి? 1937 నాటి ప్రశ్న మళ్ళీ వచ్చి కూర్చుంది. ఏ ఫంక్షన్ హాల్లోనైనా, ప్రోగ్రాం మొదలయ్యే ముందు ఈ సంభాషణ వినొచ్చు:

“అన్నా, లెఫ్ట్ రైట్ రెండు వైర్లూ ఇస్తున్నా, కలుపుకో.”

“ఒక్కటి ఇయ్యి తమ్ముడూ, చాలు. మన బాక్సులన్నీ మోనోలోనే ఉన్నయ్.”

తమ్ముడు ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పియానో టోన్ ఎంచుకున్నాడు. ఎడమ చెవిలో మంద్రం, కుడి చెవిలో తారం, మధ్యలో స్వర్గం. ఇక్కడ సౌండ్ అన్న రెండు వైర్లనీ ఒక్కటిగా కలిపితే ఎడమ కుడి స్వరాలు ఒకదాన్నొకటి కొంతమేర కొట్టేసుకుని, పియానో బోలుగా మోగుతుంది. రోటరీ ఎఫెక్టు సగం చచ్చిపోతుంది. తప్పు సౌండ్ అన్నది కాదు. వేదిక ముందు కుడివైపు చివర కూర్చున్న పెళ్ళివారికి ఎడమ బాక్సు ఎటూ వినపడదు, మోనో ఉండాల్సిందే. తమ్ముడు చేయాల్సింది, ఇంట్లో టోన్లు ఎంచుకునేటప్పుడే హెడ్‌ఫోన్లు తీసి, ఎల్/మోనో అని రాసి ఉన్న జాక్‌లో మాత్రమే వైరు పెట్టి, ఒక్క స్పీకరులో విని ఎంచుకోవడం. స్టీరియోలో మురిపించి మోనోలో మూలిగే టోన్లు అక్కడే బయటపడతాయి. మోనో కోసమే చేసిన పియానో టోన్లు కొన్ని కీబోర్డుల్లో విడిగా ఉంటాయి, వెతకాలి.

సొంత స్పీకరు దండగ అనేవాళ్ళు ఉన్నారు. సౌండ్ వాళ్ళు మానిటర్ పెడతారుగా అంటారు. పెడతారు. అందులో గాయకుడి గొంతు, తబలా, ప్యాడ్లు, అన్నీ కలిసి వస్తాయి. మీ వేళ్ళకి ఏం జరుగుతోందో మీకు తెలియదు. తెలియనివాడు మెట్ల మీద బాదుతాడు. బాదితే టోన్ మారిపోతుంది. పది, పన్నెండు అంగుళాల స్పీకరు, పైన హారన్, లోపలే యాంప్లిఫయర్ ఉన్న బాక్సు ఒకటి మోకాలి పక్కన పెట్టుకుంటే చెయ్యి నెమ్మదిస్తుంది.

కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోకూడదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసేది చాలావరకు క్షణంపాటు తట్టుకునే శిఖర సంఖ్య. పైగా వాట్లు రెట్టింపైతే ధ్వని పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. 500 వాట్ల బాక్సుకీ 1,000 వాట్ల బాక్సుకీ ధరలో ఉన్నంత తేడా చెవిలో ఉండదు. గరిష్ఠంగా ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో ఆ అంకె అడగాలి. ఎడమచేత్తో బేస్ వాయించే అలవాటుంటే పన్నెండు అంగుళాలకి తగ్గొద్దు. బేస్ గిటారిస్టు విడిగా ఉంటే పది చాలు, భుజం కూడా మిగులుతుంది.

కీబోర్డుకీ మిక్సరుకీ మధ్య గుయ్యిమని మోత వస్తే కీబోర్డుని తిట్టక్కర్లేదు. రెండు చోట్ల ఎర్త్ తగిలి, మధ్యలో కరెంటు తిరుగుతుంటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ (డైరెక్ట్) బాక్సు ఒకటి సంచిలో ఉంచుకుని, ఆ రెంటి మధ్య కలిపితే ఆ దారి తెగుతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వైద్యం మన పందిళ్ళలో చాలామంది చేస్తారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, చెయ్యొద్దు.

ఇక దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ కీబోర్డు మీరే మోసుకెళ్ళండి. షోరూములోని ఖరీదైన కీబోర్డులో విన్న బాక్సు మీ కీబోర్డుతో అలాగే మోగుతుందని నమ్మకం లేదు. వీలైతే ఒక ప్రోగ్రాంకి అద్దెకి తెచ్చి, కప్పు ఎత్తున్న షోరూములో కాకుండా జనం నిండిన హాల్లో, ఫ్యాన్లు తిరుగుతుండగా వినండి. లెస్లీకి ఆ అవకాశం లేక రెండు మూడేళ్ళు చెక్కా మోటార్లతో కుస్తీ పట్టాడు. మీకు అద్దె బాక్సులు ఉన్నాయి. చేతిలో ఉన్న మొత్తం కీబోర్డుకే ధారపోయకుండా మూడోవంతైనా బాక్సుకి ఉంచుకోండి. అందులోనే ఊగని స్టాండు, రెండు మంచి జాక్ వైర్లు, ఒక స్పేరు వైరు కూడా వచ్చేలా చూసుకోండి.